ఆవులకి మంట కనిపించాలి

మాది పొడుగిల్లు. కొండవాలు వెంటే కట్టారు. పై సగంలో మేము, కింది సగంలో ఆవులు, మధ్యలో నడవ. రెండు మూరల మందం రాతిగోడలు, పైన పలకరాళ్ల కప్పు. కొట్టంలో గుంజలు ఆవులు మా వైపు తిరిగి నిలబడేలా పాతారు. గుమ్మంలోంచి వాటికి మా పొయ్యి కనిపించాలి. కనిపించకపోతే పాలు తగ్గుతాయని మా వేల్స్ కొండల్లో పసిపిల్లని అడిగినా చెబుతుంది. సాయంత్రాలు మేం పులుసు తాగుతుంటే అవి మంటని చూస్తూ నెమరు వేసేవి.

ఆ ఏడు చలికాలం రాకముందే మా ఆయన ఇథెల్ మంచాన పడ్డాడు. పలకరాళ్ల గనిలో ఏళ్ల తరబడి దుమ్ము మింగిన రొమ్ము. చూసుకునేవాళ్లు లేక ఆవుల్ని అమ్మేశాం. ఖాళీ కొట్టంలోంచి చలిగాలి నేరుగా అతని మంచం మీదికి కొట్టేది. వసంతం దాకా బతికితే చాలనుకున్నాను. అంతకు మించిన కోరిక లేదు నాకు.

"కొట్టం గుమ్మం మూసేద్దాం వదినా," అన్నాను మారెద్‌తో. ఇథెల్‌కి అక్క. ఈ ఇంట్లోనే పుట్టిన మనిషి.

"మూయకూడదే అమ్మాయ్. ఆవులకి మంట కనిపించాలి."

"ఆవులెక్కడున్నాయి? నీ కొంగులోనా?"

"నోటికేం తక్కువ లేదు. రాళ్లు కూడా నువ్వే మోసుకో."

మోశాను. మట్టీ సున్నం కలిపి గుమ్మమంతా కట్టేశాను. గదిలో వెచ్చదనం నిలిచింది. కొన్నాళ్లకే ఇథెల్ దగ్గు పూర్తిగా పోయింది. లేచి కుర్చీలో కూర్చున్నాడు. మారెద్ ఏడుస్తూ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నాకూ సంతోషం కలగాల్సింది. కలగలేదు. చలికి వేళ్లు మొద్దుబారినట్టు లోపలంతా మొద్దుబారిపోయింది.

నేను కట్టిన గోడ చెమ్మగిల్లడం ఒక సాయంత్రం చూశాను. సరిగ్గా ఆవు ముట్టె ఎత్తున. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఎండుగడ్డి వాసన... పాల వాసన...

అప్పుడు వినిపించింది.

గోడకి అవతల. దగ్గు. గరగరమని, ఆగి, మళ్లీ గరగరమని. ఇన్నేళ్లు నా పక్కలో విన్న దగ్గు. నాకు తెలియదా?

వెనక్కి తిరిగాను. ఇథెల్ కుర్చీలోనే ఉన్నాడు.

"విన్నావా?" అన్నాను. పలకలేదు. లేచిన దగ్గర్నుంచీ అతను ఒక్క మాటా మాట్లాడలేదు. నీరసమనుకున్నాం.

లాంతరు తీసుకుని బయటినుంచి చుట్టూ తిరిగి కొట్టంలోకి వెళ్లాను. ఎవరూ లేరు. కట్టుగొలుసు ఒకటి ఊగుతోంది. దాని కింద గడ్డి అణిగి ఉంది. తాకితే వెచ్చగా...

ఇంట్లోకి వచ్చేసరికి మారెద్ గోడకి చెవి ఆనించి నిలబడి ఉంది.

"నెస్టా..." అవతలినుంచి గుసగుస. నా పేరు. ఇథెల్ గొంతు. "చలేస్తోందే... మంట కనిపించట్లేదు..."

చివర పెట్టిన రాయి మీద చెయ్యి వేశాను. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. లాగితే వచ్చేస్తుంది.

మారెద్ నా మణికట్టు పట్టుకుంది. "తియ్యకే," అంది. "వాడు లేచాడుగా... మన దగ్గరే ఉన్నాడుగా..."

కుర్చీలో ఉన్నవాడిని చూశాను. బుగ్గల మీద రంగు వచ్చింది. ఊపిరి హాయిగా తీస్తున్నాడు. వసంతం దాకా బతికితే చాలని అడిగింది నేనే.

చెయ్యి తీసేశాను.

వసంతం వచ్చింది. గోడ అలాగే ఉంది. అవతల దగ్గు రోజురోజుకీ సన్నబడుతోంది. అది ఆగిపోవాలో, ఆగకూడదో... ఏది కోరుకుంటున్నానో నాకే తెలియదు. సాయంత్రాలు ముగ్గురం పొయ్యి దగ్గర కూర్చుంటాం. ఇథెల్ మంటనే చూస్తుంటాడు.

ఇవాళ కూడా అంతే. పులుసు తాగి, గిన్నెలు కడిగి బోర్లించి చాలాసేపయింది. అతని దవడ ఇంకా కదులుతూనే ఉంది... నెమ్మదిగా... పక్కకి.