కత్తిరించిన మంచం

అన్యాయం జరిగింది ఎవరికి? రాయమల్లుకు. ఎలా జరిగింది? రీడ్ దొర ఇంట్లో, లోపలినుంచి గడియ పెట్టిన గదిలో ఊపిరాడకుండా చంపి, అతని ఒడిలో గనుల మ్యాపు పెట్టి, దేశద్రోహి భయంతో ప్రాణం తీసుకున్నాడని రాశారు. అది 1966.

"కేసు క్లోజ్ అయింది, ఇస్తారీ," అన్నాడు హైదరాబాదులో చీఫ్. "రాయమల్లు మన ఇన్‌ఫార్మరే. కాని రుజువేది?"

"ఒక్కరోజు ఇవ్వండి, సార్."

"ఎందుకంత పట్టుదల?"

ఏజెంట్ ఇస్తారి అప్పటికే లేచి గుమ్మం దాటాడు. పదకొండేళ్ల కిందట బొగ్గుబాయిలో చెడుగాలికి తాను పడిపోతే, గ్యాసు పరీక్షించే సర్దారు రాయమల్లు వీపున వేసుకుని పైకి తెచ్చాడు. ఆ రుణం తీరనే లేదు.

శ్రీరాంపూర్ క్వార్టరులో రాయమల్లు భార్య సమ్మవ్వ అతన్ని చూడగానే నిలదీసింది.

"పానం తీసుకునేటోడు, వచ్చినంక చాపల కూర వండుమంటడా మరిదీ? రేపటిలోగా క్వార్టరు ఖాళీ చెయ్యాల్నట. ద్రోహి పెండ్లానికి నీడెందుకన్నరు!"

"జర ఆగు వదినా. అన్న దీపమేది?"

శవం పక్కన దొరికిందని పోలీసులు తిరిగిచ్చిన గని దీపాన్ని ఆమె ముందు పెట్టింది. అందులో సగం నూనె ఉంది. వత్తి నిక్కి ఉంది. ఆర్పదలచినవాడు వత్తిని దించుతాడు. గాలి చొరని గదిలో మరి దాన్ని ఆర్పిందెవరు?

"అన్న యాడ పండిండు?"

"ఇంకెక్కడ? నేల మీద. దొర పిలిస్తె రాత్రి షిఫ్టు దిగి అటే పోయిండాయె, జర పండుమన్నడట. మసిబట్టలతోని దొర మంచమెక్కుతడా?"

మర్నాడు ఇస్తారి మలేరియా మందు కొట్టేవాడయ్యాడు. ఖాకీ నిక్కరు, భుజాన డీడీటీ పంపు, చేతిసంచిలో చిన్న గునపం, ఆ దీపం. అతణ్ని ఏ గదికీ రావద్దనేవారుండరు.

రీడ్ దొర గని యంత్రాలమ్మే విదేశీయుడు. అతని ఇల్లు వింతది. గుండ్రంగా, సగం భూమిలో దిగబడి, ఒక్క కిటికీ లేకుండా, మూతబడ్డ పాత బొగ్గుబాయి పక్కనే ఉంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో సెక్రటరీ సరళాదేవి ఎదురొచ్చింది. ఆమె రెండు పక్షాలకూ రహస్యాలు మోసే మనిషి.

"మా ఇంట్ల దోమల్లేవు."

"కుట్టేది కనబడదమ్మా."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఇయ్యాల రక్షణశాఖ సైంటిస్టు భోజనానికొస్తున్నరు. తిన్నంక రాయమల్లు పోయిన గా గదిలోనే పడుకుంటరు."

ఇస్తారి ఆ గదిలోకి దిగాడు. గోడ అడుగున పాతబాయి వైపు చిన్న ఇనుపజాలీ ఉంది. నేలమీద తాజా రంపపు పొట్టు. మంచంకోళ్లు జానెడు ఎత్తుకు కోసి ఉన్నాయి!

చెడుగాలి బరువైనది, నేలనే పాకుతుంది; దీపాన్నీ ఊపిరినీ ఆర్పేస్తుంది. రాయమల్లు కోసం మంచాన్ని కోయనక్కర లేకపోయింది. మర్యాద తెలిసినవాడు నేలమీదే పడుకుంటాడని రీడుకు తెలుసు. మంచమెక్కే పెద్దమనిషి కోసమే ఈ వడ్రంగం.

మధ్యాహ్నం సైంటిస్టు లోపలికెళ్లి గడియ వేసుకున్నాడు. చీఫ్ అడిగిన రుజువు కోసం ఇస్తారి దీపం వెలిగించి గడప దగ్గర పెట్టాడు. మంట కుంగింది. తలుపు సందునుంచి చల్లగా ఏదో పాదాలను తాకింది. దీపం ఆరింది.

గునపం రెండు పోట్లకు గడియ ఊడింది. వెనక రివాల్వరు టక్కుమంది.

"డోంట్ మూవ్!" అన్నాడు రీడ్.

"నువ్వు కదలకు," అంది సరళాదేవి. ఆమె పిస్టల్ దొర కణతకు ఆనింది. "పాతబాయి చెడుగాలిని గదిలకు తోలే మర తిప్పింది నువ్వే. నా కండ్లతోని చూసిన."

ఇస్తారి ఊపిరి బిగబట్టి లోపలికి దూకాడు. బరువైన మనిషిని వీపున వేసుకున్నాడు. వంగకుండా, తల పైకెత్తి, మెట్టు మెట్టు ఎక్కాడు; రాయమల్లు నడిచినట్టే నడిచాడు. ఎండలో సైంటిస్టు దగ్గాడు.

"అన్నా," అన్నాడు ఇస్తారి, ఆరిన దీపంతో. "బాకీ తీరింది."

సాయంత్రం సమ్మవ్వకు కొత్త ఉత్తర్వు చదివి వినిపించాడు: రాయమల్లు విధి నిర్వహణలో హత్యకు గురయ్యాడు, క్వార్టరు ఆమెదే.

ఆమె పొయ్యిమీదున్న చేపల కూర దించి, అతని ముందు పళ్లెం పెట్టింది.

"గీ ముక్క మొదలే రాస్తే మీ సర్కారు కలం అరుగునా మరిదీ? తిను. చల్లారుతది."