నాలుగో రెఫరీ

“అక్కా... ఇద్దరుండారు. బండి మీద ఎనకే వస్తాండారు.”

ఫోన్లో లోకేశ్వరి. మాటకంటే రొప్పే ఎక్కువ వినబడుతోంది.

టైమ్ నాలుగూ నలభై. గుడియాత్తం ఇంకా లేవలేదు. బస్టాండు ముందు షేర్ ఆటోలు వరసగా నిద్రపోతున్నాయి. లోకేశ్వరిని తెల్లవారుజాము పరుగు ప్రాక్టీసుకు తీసుకెళ్లాల్సిన శశికళ వాటి పక్కన స్కూటర్ మీద కూర్చుని ఉంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్.

“యాడుండావు లోకా?”

“అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఎనక. గోడ పక్కన.”

“దెబ్బ తగిలినాదా?”

“లేదు. ఇనప రాడ్డు విసిరినాడు. కాలి పక్కనే పడినాది. అక్కా, పోలీసుకు ఫోన్...”

“వొద్దు.”

గట్టిగానే అంది శశికళ. వెంటనే గొంతు తగ్గించింది.

“చెప్పేది విను నాయనా. మ్యాచ్ నీకిచ్చినారని బయట ఎవురికీ తెలియకూడదు. స్టేషన్లో రాసినారంటే రేపటికి పేపర్లో వస్తాది. నీ పేరు తీసేస్తారు. విజిల్ కూడా ఊదొద్దు. వీధి లేస్తే అదే కథ. నేనొస్తాండాను. ఫోన్ పెట్టొద్దు.”

“సరిక్కా. సీక్రం రా.”

మళ్ళీ బూట్ల చప్పుడు. పరుగు!

ఇంకో నాలుగు రోజుల్లో ఫుట్‌బాల్ క్వాలిఫయింగ్ మ్యాచ్. రెండు దేశాల ఆడవాళ్ల జట్లు. గ్రౌండు మూడో దేశంలో. గెలిచినవాళ్లు పైకి వెళతారు, ఓడినవాళ్లు మూటాముల్లె సర్దుకుని ఇంటికి వెళతారు.

ఆ మ్యాచ్‌కి మెయిన్ రెఫరీ లోకేశ్వరి. వయసు ముప్పై ఒకటి. లుంగీలు నేసేవాళ్ల ఇంటి పిల్ల. ఇదే ఆమెకు మొదటి పెద్ద మ్యాచ్.

నాలుగో రెఫరీ శశికళ. వయసు నలభై నాలుగు. వేలూరులో పీటీ టీచర్.

నాలుగో రెఫరీ అంటే గీత బయట నిలబడే మనిషి. ఎవరు బయటికి వస్తారో ఎవరు లోపలికి పోతారో నంబర్ల బోర్డు ఎత్తి చూపించాలి. కోచ్‌లు తిడితే పడాలి. శశికళ పదకొండేళ్లుగా పడుతోంది. దేశదేశాలు తిరిగింది, లెక్కలేనన్ని బోర్డులు ఎత్తింది, ఒక్క ఇంటర్నేషనల్ మ్యాచ్‌లోనూ విజిల్ ఊదలేదు. మోకాలు అరిగింది. ఈ డిసెంబర్‌తో ప్యానెల్లో పేరు ఉండదు.

ఒకే ఒక్క దారి ఉంది. మెయిన్ రెఫరీ పడిపోతే విజిల్ నాలుగో రెఫరీకి వస్తుంది. పక్క దేశంలో రెఫరీల టీమ్ ఇంకొకటి రిజర్వులో ఉంది, నిజమే. కానీ ఒక్కరికి దెబ్బ తగిలితే వాళ్లను పిలవరు. నాలుగో రెఫరీ ఉన్నదే అందుకు.

శశికళ ఫోన్ మ్యూట్‌లో పెట్టింది.

హ్యాండ్‌బ్యాగ్ లోంచి రెండో ఫోన్ తీసింది.

“వీరప్పా. ఫ్యాక్టరీ ఎనక గోడ.”

“చూసినాం మేడమ్. పట్టుకుందామంటే దొరకలేదు. ఏం పరుగు మేడమ్ అది!” అవతల వీరప్ప నవ్వాడు. “మీరు నేర్పించినారంట కదా.”

“మోకాలు ఒక్కటే. తల మీద చెయ్యి పడకూడదు. చెప్పినా కదా.”

“చెప్పినారు మేడమ్.”

సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. ఆ రెండింటి కిందా ఇంకొకటి ఉంది. ఆత్రం. నాలుగు రోజుల తర్వాత తన పెదాల మధ్య విజిల్ ఉంటుంది. తను ఊదితేనే బంతి కదులుతుంది. దానికి బదులుగా వీరప్పను పంపిన బెట్టింగ్‌వాళ్లు అడిగింది ఒక్కటే. రెండో సగంలో ఒక పెనాల్టీ.

ఒక్కటే కదా అనుకుంది. అనుకుని నెల అయింది.

మ్యూట్ తీసింది.

చెవిలో బూట్ల చప్పుడు ఆగింది. నడక మొదలైంది. శశికళ వేళ్ల మీద లెక్కపెట్టింది.

పదిహేను సెకన్లు పరుగు, పద్దెనిమిది సెకన్లు నడక. అలా నలభై సార్లు. రెఫరీల ఫిట్‌నెస్ టెస్టు అది. విరించిపురం దగ్గర పాలారు ఇసకలో లోకేశ్వరి చేత రోజూ చేయించింది ఈ శశికళే. ఇసకలో పడి ఏడ్చిన పిల్లను లేపి మళ్ళీ పరిగెత్తించింది. ఇప్పుడు ప్రాణం కోసం పరిగెడుతూ కూడా ఆ పిల్ల అదే లెక్కలో పరిగెడుతోంది. ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో శశికళకు తెలుసు.

మ్యూట్. రెండో ఫోన్.

“ఇప్పుడు నడస్తాంది. బీడీ కంపెనీ సందు. పోండి.”

మ్యూట్ తీసేసరికి చెవిలో బండి మోత. కేక. ఏదో ఇనుము గోడకు తగిలి ఖంగుమంది.

“లోకా!”

“తప్పించుకున్న్యా... అక్కా, వీళ్లు ఏమీ అడగడం లేదక్కా.”

“ఏంది?”

“డబ్బిస్తామనలేదు. ఈ టీమ్‌ను గెలిపించు అనలేదు. ఒక్క బెదిరింపు ఫోన్ రాలేదు. వచ్చినారు, కొడతాండారు. అడక్కుండా ఎందుకు కొడతారక్కా?”

శశికళ ఇయర్‌ఫోన్ చెవిలోకి నొక్కుకుంది.

“మాట్లాడొద్దు. ఊపిరి పోతాది.”

“నా పేరు నలుగురికే తెలుసు. నువ్వు, నేను, ఫ్లాగ్ పట్టుకునే ఆ ఇద్దరు. వాళ్లకు నా వీధి కూడా తెలీదు.” రెండడుగుల చప్పుడు. “అక్కా, నువ్వు కూడా పైలంగా ఉండు. నీ మీద కూడా పడతారేమో.”

శశికళ కళ్లు మూసుకుంది. తెలిసిపోయిందనే అనుకుంది ఒక్క క్షణం. ఆ పిల్లకు ఏమీ తెలియదు. అనుమానం రావలసిన చోట అక్క మీద బెంగ వచ్చింది దానికి. ఎవరైనా ఆ మాటకి కరిగిపోవాలి. శశికళ కూడా కరిగింది, కాకపోతే ఆగలేదు.

“లోకా. పడుగు వీధిలోకి రా. ఆ చివర బండితో ఉంటా. ఎక్కితే నేరుగా వేలూరే.”

“వస్తాండా.”

పడుగు వీధికి ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడ నేతవాళ్లు చీకటితోనే లేచి, మగ్గానికి ఎక్కించాల్సిన నూలును వీధి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొయ్యల మీద సాచి కడతారు. వేల పోగులు నడుం ఎత్తులో పరుచుకుని ఉంటాయి. తర్వాత గంజి కాయడానికి పెరళ్లలోకి పోతారు. తెల్లారాక వచ్చి నూలుకు గంజి పట్టిస్తారు. ఈలోపు వీధిలో మనుషులుండరు. మూలన పవర్‌లూమ్ షెడ్డు ఒకటి రాత్రంతా దడదడమంటూనే ఉంటుంది. అక్కడ మనిషి అరిచినా పక్కింటికి వినబడదు.

ఇదంతా శశికళకు లోకేశ్వరే చెప్పింది. ఒకసారి ఇడ్లీ తింటూ చెప్పింది. చిన్నప్పుడు ఆడుకుంటూ పడుగులో పడి నాలుగు పోగులు తెంపితే వాళ్లమ్మ చౌడమ్మ రెండు రోజులు అన్నం పెట్టలేదట. “ఇంటికి నిప్పంటుకున్నా మేం పడుగు తొక్కమక్కా” అని నవ్వింది.

శశికళ రెండో ఫోన్ ఎత్తింది.

“పడుగు వీధి. వచ్చిన దారి మూసేయండి. ముందుకు పోదు.”

చెవిలో పవర్‌లూమ్ మోత మొదలైంది. లోకేశ్వరి వీధిలోకి వచ్చేసింది. బూట్లు... బూట్లు... బూట్లు...

ఆగాయి.

“అక్కా. పడుగు సాచినారు.”

“తోసుకుని వచ్చేయ్.”

అన్నాక తనకే అసహ్యం వేసింది. రాదని తెలిసి అంది.

“ఎవురిదో అక్కా... వంగి కిందనుంచి వస్తా. నిమిషం.”

ఆ నిమిషం చాలు.

బండి చప్పుడు. ఆగింది. అడుగులు. ఎవరో పట్టి లాగారు. ఇసక మీద బట్ట రాపిడి. తర్వాత ఒక చప్పుడు. ఎండు కట్టె విరిగినట్టు.

లోకేశ్వరి అరవలేదు. “అక్కా” అంది. మెల్లగానే అంది. అరుపు అయ్యుంటే శశికళ తట్టుకునేదేమో. ఈ ఒక్క మాట జీవితాంతం చెవిలోనే ఉంటుందని ఆ క్షణానే అర్థమైంది.

అయినా స్కూటర్ గేర్ వేసింది.

తర్వాత ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకుంది. మొదట చేరాల్సింది తనే. ఏడవాలి. వేలూరు ఆస్పత్రి. ఎక్స్‌రే. పదింటికి మ్యాచ్ ఆఫీసుకు మెయిల్. సాయంత్రానికి జవాబు. విజిల్!

వీధి అవతలి చివర స్కూటర్ పడేసి పరిగెత్తింది.

పడుగు అలాగే ఉంది. ఒక్క పోగు తెగలేదు. దాని కింద లోకేశ్వరి వెల్లకిలా పడి ఉంది. కుడి కాలు ఉండాల్సిన వైపు లేదు. మెడలో నల్ల తాడు, దానికి విజిల్.

“లోకా... వచ్చినా నాయనా. వచ్చేసినా.”

లోకేశ్వరి కళ్లు తెరిచింది. చెయ్యి ఊపింది. రమ్మని కాదు.

“పో అక్కా. వాళ్లు పోలేదు.”

శశికళ తిరిగింది.

వెనక వీరప్ప జోడీ తంగరాజ్, పక్క సందులోంచి చుట్టి వచ్చి, ఆమె వచ్చిన దారికి బండిని అడ్డంగా పెట్టి ఉన్నాడు. వీరప్ప గోడ నీడలోంచి బయటికి వచ్చాడు. చేతిలో రాడ్డు. తెల్లచొక్కా, నుదుట విబూది. పద్ధతైన మనిషి.

“వణక్కం మేడమ్.”

“ఇంకా ఎందుకుండారు? పని అయిపోయినాది కదా. పోండి.”

“సగమే అయినాది మేడమ్.”

“ఏంది?”

“ఒక్కరు పడితే మీరు ఊదుతారు. ఇద్దరు పడితే మీ టీమే పోతాది. రిజర్వులో ఉండే ఆ నలుగురు వస్తారు. వాళ్లు మొదటినుంచీ మావాళ్లే. మాకు చెప్పిన పని రెండు కాళ్లు. ఒకటి ఆయమ్మది.”

శశికళకు అర్థం కావడానికి రెండు సెకన్లు పట్టింది. ఆ రెండు సెకన్లలో పదకొండేళ్ల బోర్డులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఎవరినో లోపలికి పంపడానికి ఇంకెవరినో బయటికి పిలిచే బోర్డులు.

“నేను ఒప్పుకున్న్యా కదప్పా! పెనాల్టీ ఇస్తానన్న్యా కదా! దీని దారి చెప్పింది నేనే. ఈ వీధి చూపించింది నేనే. ఇంకేం కావాల మీకు?”

అనేసింది.

అన్నాక గుర్తొచ్చింది, పక్కన ఎవరున్నారో.

లోకేశ్వరి కళ్లు పెద్దవయ్యాయి. ఏడుపు లేదు వాటిలో. విరిగిన కాలితో పడి ఉన్నప్పుడు కూడా ఆ ముఖం అంతగా చచ్చిపోలేదు.

“మీరు ఇస్తారనే అనుకున్న్యాం మేడమ్. కానీ సొంత పిల్లనే చేతులారా ఇచ్చినోళ్లు, ఆఖరి నిమిషంలో ఎవురికి ఊదుతారో ఎవురికి తెలుసు?” వీరప్ప ఒక అడుగు వేశాడు. “కదలొద్దు. ఒకే దెబ్బలో అయిపోతాది.”

శశికళ పరిగెత్తింది.

వెనక తంగరాజ్. పక్కన గోడలు. ముందు పడుగు. వంగి పోవాలని తోచలేదు. ఆమె నేత వీధిలో పుట్టిన మనిషి కాదు. గుండెతో గుద్దుకుని దూసుకుపోయింది. పోగులు తెగాయి... పది... వంద... మిగిలినవి తెగలేదు. నడుముకు చుట్టుకున్నాయి. తొడలకు చుట్టుకున్నాయి. అరిగిన మోకాలు మడతపడింది.

పడింది. లాగేకొద్దీ నూలు బిగుస్తోంది.

ముఖం తిప్పితే లోకేశ్వరి. చేతికి అందేంత దూరంలో.

“లోకా. విజిల్ ఊదు.”

పవర్‌లూమ్ దడదడ. పెరళ్లలో గంజి కాగుతున్న వాసన.

“ఊదు నాయనా. ఒక్కసారి. వీధంతా లేస్తాది.”

నిజమే. మనిషి అరుపు ఆ మోతలో కలిసిపోతుంది. రెఫరీ విజిల్ కలిసిపోదు. యాభై వేలమంది అరుస్తున్నా వినబడడానికే అది చేసింది.

లోకేశ్వరి చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. విజిల్ తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

వీరప్ప ఆగాడు. తంగరాజ్ బండి కిక్ మీద కాలు పెట్టాడు. అది మోగితే పారిపోవాలి, ఇద్దరికీ తెలుసు.

శశికళకు ప్రాణం లేచి వచ్చింది. ఊదుతుంది. నా పిల్ల ఊదుతుంది.

పాలారు ఇసకలో మొదటి రోజు చెప్పిన పాఠం ఇద్దరికీ గుర్తుంది. “విజిల్ ఎవురైనా ఊదుతారు లోకా. కళ్ల ముందర తప్పు కనపడినా ఊదకుండా ఉండేది నేర్చుకో. రెండు చేతులూ ముందుకు చాపు. ఆట సాగనీ.”

ఒక సెకను. రెండు. మూడు.

లోకేశ్వరి పెదాలు విడిచింది. విజిల్ జారి గుండెల మీద పడింది.

పడుకున్న చోటనే, శశికళ కళ్లలోకి చూస్తూ, రెండు చేతులూ ముందుకు చాచింది.

వీరప్ప రాడ్డు ఎత్తాడు.