ఐతారం ఏ దేవునికి?

సోమవారం పొద్దున్నే అనిల చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. కూతురి గొప్ప చెప్పకపోతే ఆమెకు చెయ్యి ఆడదు.

"మా నిరోష సోమారం శివునికి, గురువారం బాబాకు, శనివారం ఎంకన్నకు ఒక్కపొద్దుంటది. ఈ కాలంల గింత భక్తి ఎవలికున్నది?" అంది, పక్కింటి నాగవ్వతో. నిజమే, లింగంపేటలో ఆ వాడంతా నిరోషను మెచ్చుకునేది. మెచ్చుకోవడంలో పడి ఎవరూ పిల్ల ముఖం చూడలేదు.

పెరట్లో కోళ్ల గంప ఎత్తిన అత్తగారు రామవ్వ మాత్రం ఆగిపోయింది. రాత్రి మనుమరాలికి వడ్డించిన అన్నం, పప్పు ఆ గంప కింద పారబోసి ఉన్నాయి.

"అనిలా, నిన్న ఐతారం గదా. ఐతారం ఏ దేవునికే ఒక్కపొద్దు?"

"అత్తమ్మా, పొల్ల భక్తిని ఎక్కిరిస్తున్నవా?"

కామారెడ్డి కాలేజీకి బయల్దేరుతున్న నిరోషను రామవ్వ చెయ్యి పట్టి ఆపింది. చెయ్యి పైకెత్తగానే గాజులు మోచేతి దాకా జారాయి. అది చూసి అనిల లోపలికి పరుగెత్తి, కంచంలో అన్నం కలుపుకొచ్చి, ముద్ద నోటి దగ్గర పెట్టింది.

"తిను! ఇంట్ల అన్నం కరువొచ్చిందా?"

నిరోష గోడకు ఒదిగి ఏడ్చేసింది. "ఆకలైతదే అమ్మా. కానీ ఒక్క ముద్ద మింగితే ఒళ్లంత పెరిగినట్టే అనిపిస్తది, మస్తు భయమైతది. దేవుని పేరు చెప్తే మీరు అడగరని చెప్పిన."

"గాలి సోకినట్టుంది, తాయెత్తు కట్టియ్యిండ్రి" అంది నాగవ్వ.

"తాయెత్తు తర్వాత. ముందు దవాఖాన" అని రామవ్వ చెప్పులేసుకుంది.

కామారెడ్డిలో డాక్టర్ మహేశ్వరి రక్తపరీక్షలు, గుండెపరీక్ష చేయించింది. నెలసరి ఆగిపోయిందని, లేస్తే కళ్లు తిరుగుతున్నాయని నిరోష ఆమెకే చెప్పుకుంది. "ఇది భక్తి కాదు, మొండితనం కాదమ్మా, రోగం. నయమైతది, కానీ టైం పడ్తది" అంది డాక్టర్. తిండి కొద్దికొద్దిగా పెంచాలి, మనసు డాక్టరుతో మాట్లాడటానికి వారం వారం రావాలి. ఇంట్లో లావు, బక్క మాటలు బంద్. కంచం ముందు కొట్లాట బంద్. పక్కన కూర్చుని తినాలి, అంతే.

నెలలు పట్టింది. మధ్యలో నిరోష బెదిరింది, అబద్ధమాడింది, అలిగింది. ఒకరోజు మాత్రం డాక్టర్ బరువు చూసి నవ్వింది. ఇంటికి రాగానే అనిల దేవుని పటం ముందు చేతులు జోడించింది.

"తండ్రీ, నా బిడ్డను కాపాడినవ్. పదకొండు సోమారాలు ఒక్కపొద్దుంట..."

నిరోష ఆ చేతులు పట్టుకుంది. "వద్దే అమ్మా. దేవునికి దండం పెట్టు సాలు. నాతోని కూసోని తిను."

అనిలకు కన్నీళ్లాగలేదు. వెళ్లి అత్త కాళ్లు పట్టుకుంది. "అత్తమ్మా, ఆ పొద్దు నువ్వు గంప ఎత్తకపోతే నా బిడ్డ ఏమైపోవునో!"

"నాకెందుకే? మొక్కితే ఆ కోళ్లకు మొక్కు, తినకుండ సాక్ష్యం మిగిల్చినయి" అంది రామవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

ముగ్గురూ కంచాల ముందు కూర్చున్నారు. నిరోష ముద్ద కలిపింది. భయం ఇంకా ఉంది. తల్లి వైపు ఒకసారి చూసి, మింగింది.