నాలుగు నిమ్మకాయలూ ఒక ఆమెనూ

హనోకు మేష్టారి ఇంటివాళ్ళు ప్రయాణానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు. సుబ్బరామి గారి ఇంటివాళ్ళు ప్రయాణానికి ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. రెండూ మంచి అలవాట్లే. చిక్కల్లా ఆ జూన్ ఉదయం బళ్ళారి బ్రూస్‌పేటలో ఈ రెండూ ఒకే బండికి, ఒకే సమయంలో జరగడమే.

మేష్టారి భార్య రూతమ్మ ప్రార్థన అప్పటికి బ్రేకుల దాకా వచ్చింది. ఆమె ప్రార్థన ఎప్పుడూ పొడుగే. వాళ్ళమ్మాయి డెబోరాకు చిన్నప్పటి నుంచి మధ్యలో ఒక కన్ను తెరిచి చూసే అలవాటు. ఆ తెరిచిన కంటికి వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చుని, రెండు వేళ్ళతో నిమ్మకాయను లోపలికి నెడుతున్న సుబ్బరామి గారి అబ్బాయి సుదర్శన్ కనిపించాడు.

"ఏం చేస్తాండావ్?" అంది గొంతు తగ్గించి.

"నిమ్మకాయ పెడ్తాండా."

"అది కనపడ్తాంది. ఏమిటికి?"

"బండి కదిలేటప్పుడు పెట్టాల గదా."

 సత్యనారాయణపేటలోని వాళ్ళ షెడ్డు గేటును నిమ్మకాయ తొక్కకుండా దాటిన లారీ ఒక్కటీ లేదు. ఈ కాయలు కూడా వాళ్ళమ్మ యశోదమ్మ ఏరి ఇచ్చినవే.

ఇంతలో ఆమెన్ అయింది. రూతమ్మ కళ్ళు తెరిచి విషయం చూసింది. బండి చుట్టూ తిరిగి నాలుగు కాయలూ ఏరింది. "మా బండి ప్రార్థనతో కదుల్తాదప్పా" అని సుదర్శన్‌కు మెత్తగానే చెప్పింది. తర్వాత ఒక కాయను వాసన చూసి, కాయలు బాగున్నాయనీ మధ్యాహ్నం చిత్రాన్నానికి సరిపోతాయనీ సంచిలో వేసుకుంది.

అలా మొదలైంది ఆ ప్రయాణం.

నిజానికి ఆ బండి ఒకప్పుడు సుబ్బరామి గారిదే. సండూరు గనుల్లో పనిచేసేవాళ్ళను తిప్పిన పాత మినీ బస్సు. హనోకు మేష్టారు హైస్కూల్లో రిటైరయ్యాక దాన్ని కొని, సీట్లు పీకించి, రెండేళ్ళు కూర్చుని ఇల్లుగా మార్చుకున్నారు. మడత మంచాలు, గ్యాస్ స్టవ్వు, సింకు, పైన నీళ్ళ ట్యాంకు. సింకు బిగించే పని సుదర్శన్ మీద వేసుకున్నాడు. అద్దం మీద ఎర్ర అక్షరాలతో 'యెహోవా యీరే', అంటే దేవుడే చూసుకుంటాడు అని రాయించారు. ఎన్నిసార్లు కడిగినా మూలల్లోంచి సండూరు ఎర్ర దుమ్ము మాత్రం రాలుతూనే ఉండేది.

కొండలు దిగి సముద్రం దాకా పోవాలని ఇంటిల్లిపాదీ అనుకునేసరికి మేష్టారి కంటికి ఆపరేషన్ అయింది. డెబోరా బండి నడుపుతుంది కానీ ఘాటు రోడ్డు కొత్త. తోడు రావలసిన డ్రైవర్ ఉచ్చెంగెప్పకు జ్వరం తగిలింది. ఆ మాట చెవిన పడగానే సుదర్శన్, ఆ బండి సెకండ్ గేర్ మొండిదనీ దాని సంగతి తనకొక్కడికే తెలుసుననీ ఇంట్లో చెప్పి బయల్దేరాడు. మొండిదన్నది నిజమే. తనకొక్కడికే తెలుసన్నది మాత్రం ప్రేమలో పడ్డవాడి మాట.

మైదానంలో డెబోరా నడపాలి, ఘాటులో సుదర్శన్ నడపాలి. అదీ ఒప్పందం. సండూరు కొండలు దాటుతుండగా అతను పక్క సీట్లో కూర్చుని, రోడ్డు చూడవలసింది పోయి ఆమె స్టీరింగ్ పట్టే తీరు చూశాడు. ఒక్క చెయ్యి, అదీ తేలికగా. గుంత వస్తే ముందే తెలిసినట్టు పక్కకు తప్పించేది. ఆసుపత్రిలో ఆమె ఫిజియోథెరపిస్టు. అందుకని అతన్నీ ఊరికే వదల్లేదు.

"నడుము వంచి కూర్చోవద్దు. నలభై ఏండ్లకే నా కాడికి వస్తావ్."

"అంతవరకూ ఆగాల్నా?" అన్నాడు సుదర్శన్.

 ఆమె హారన్ కొట్టింది. ఎదురుగా ఎవరూ లేరు.

బండ్రి దగ్గర ఆపుకుని చిత్రాన్నం తిన్నారు. తలుపు తీస్తే వంటిల్లు, మంచం దించితే పడకటిల్లు. ప్రతి గిన్నెకూ ఒక కొక్కెం, ప్రతి గ్లాసుకూ ఒక గూడు. నలుగురు మసలుతున్నా ఎవరి మోచెయ్యీ ఎవరికీ తగలదు. సుదర్శన్ ఇంట్లో ఎనిమిది గదులున్నాయి, అందులో అందరూ కలిసి తిన్న రోజు అతనికి గుర్తులేదు. ఈ మనుషులు ఇంత చిన్న చోటును ఇంత పెద్ద ఇల్లుగా ఎలా చేసుకున్నారా అని అతను మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయాడు. వాళ్ళమ్మ ఏరి ఇచ్చిన నిమ్మకాయలను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

సాయంత్రం శివమొగ్గ చేరి ఒక చర్చి కాంపౌండులో బండి పెట్టారు. ఏ ఊరెళ్ళినా వాళ్ళు దిగేది అక్కడే. పాస్టరుకు ఒక నమస్కారం, కుళాయి దగ్గర రెండు బిందెలు, అంతే. చీకటి పడుతుండగా కుటుంబ ప్రార్థన మొదలైంది. రూతమ్మ భర్తను పేరు పెట్టి, కూతురును పేరు పెట్టి, ఆసుపత్రిలో ఉన్న పక్కింటి గాళెప్పను పేరు పెట్టి దేవునికి అప్పగించింది. చివర్లో, "బండి నడిపే పిల్లవానిని కూడా జ్ఞాపకము చేసుకొనుము తండ్రీ" అంది. అందరూ ఆమెన్ అన్నారు. అందరూ ఆమెన్ అంటేనే ఆ ఇంట్లో ప్రార్థన అయినట్టు.

తర్వాత నీళ్ళు పట్టే చోట సుదర్శన్ అడిగాడు, మీ అమ్మకు నా పేరు తెలియదా అని.

"తెలుసు. మా అమ్మ ప్రార్థనలో పేరు పడిందంటే ఇంట్లో మనిషి అయినట్ల. సుమ్నే, ఊరికే పడదు" అంది డెబోరా.

ఆ రాత్రి డ్రైవర్ సీట్లో పడుకున్న సుదర్శన్‌కు నిద్ర సరిగా పట్టలేదు. పేరు పడాలి. అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

మర్నాడు జోగ్ దగ్గర వాన. బళ్ళారి వాళ్ళకు వాన అంటే ఆకాశం వైపు చూసి ఎదురుచూసేది. ఇక్కడ పక్కనుంచీ కిందనుంచీ కూడా వస్తోంది. జలపాతం మంచులో మునిగిపోయి చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. టీ కొట్టు రేకుల కింద డెబోరా తడిసిన జడ పిండుకుంటూ నవ్వుతోంది. ఆమె నుదుటి మీద జారుతున్న చుక్కను చూస్తూ సుదర్శన్ టీ చల్లార్చుకున్నాడు. రెండేళ్ళుగా గొంతులో ఉన్న మాట నోటి చివరికి వచ్చింది.

"డెబోరా, నీకొకటి చెప్పాల."

ఆమెకు తెలుసు. ఆ చూపు ఎంతకాలం నుంచి చూస్తోంది! "నాకు చెప్పేది సులభం" అంది. "మా అమ్మ ముందర చెప్పగలవా? అట్లయితే వింటా."

సుదర్శన్ చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.

మావినగుండి దాటాక గేరుసొప్ప ఘాటు మొదలవుతుంది. దిగే ముందు బండి పక్కకు ఆపారు. కిటికీ మీద వాన నీళ్ళతో పాటు సండూరు దుమ్ము ఎర్రటి చారలుగా దిగుతోంది. ముందు లోయ ఉందో లేదో తెలియనంత మంచు. స్టీరింగ్ ముందు సుదర్శన్ కూర్చున్నాడు. రూతమ్మ తలమీద చెంగు కప్పుకుని, ఈసారి ప్రార్థన నువ్వే చెయ్యాలప్పా అంది. ఘాటు దిగేటప్పుడు ఎవరు నడిపితే వాళ్ళే ప్రార్థన చేయాలట. అది ఆ ఇంటి పద్ధతి.

సుదర్శన్ బిక్కమొహం వేశాడు. "నాకు రాదాంటీ. ఏం చెప్పాల?"

"మనసులో ఉండేది ఉన్నట్ల చెప్పు. దేవుని కాడ దాపరికం పనికిరాదు."

అతను కళ్ళు మూసుకున్నాడు.

"స్వామీ, బ్రేకులు పొద్దునే చూసినా, బాగుండాయి. సెకండ్ గేర్ స్వల్ప మొండి, దాన్ని నేను చూసుకుంటా. ముందర ఏమీ కనపడ్తా లేదు, అది నువ్వు చూసుకో. నా కాడ నిమ్మకాయలు లేవు, ఆంటీ పిండేసింది. చిత్రాన్నం బాగుండె, తప్పు పట్టొద్దు."

వెనక మేష్టారి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ సుదర్శన్ చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి, దాపరికం వద్దన్నాక దాచడం అతనికి చేతకాలేదు.

"ఇంగొకటి ఉండాది. నాకు డెబోరా అంటే ఇష్టం. రెండేండ్లుగా. సింకు బిగించాల అని రోజూ వీళ్ళింటికి పోతా ఉంటి. అది ఒక్క దినం పని. తను సరే అంటే జీవితమంతా తన పక్కన కూర్చొని పోవాలని ఉండాది. పెద్దోళ్ళ మాట నాకు తెలీదు, అది నీ చేతిలో ఉండాది. అంతే స్వామీ. ఆమెన్."



"ఆమెన్" అన్నారు మేష్టారు, ఆపుకోలేని నవ్వుతో.

"ఆమెన్" అంది డెబోరా. ఆ మాటలో తడబాటు లేదు.

మూడో ఆమెన్ కోసం సుదర్శన్ కళ్ళు తెరవకుండా ఆగాడు. అది రాలేదు. కాసేపటికి రూతమ్మ గొంతు మాత్రం వినిపించింది, బండి తియ్యప్పా అని.

ఒక ఆమెన్ తక్కువగా ఆ బండి కదలడం అదే మొదటిసారి. సుదర్శన్ గేరు మార్చబోయాడు. సెకండ్ గేర్ కిర్రుమంది, మళ్ళీ కిర్రుమంది. డెబోరా అతని వైపు చూసి, దిగు, నేను నడుపుతా అంది. అతను సీటు ఇచ్చేశాడు.

ఆమె ఆ ఘాటు దిగిన తీరు చూడవలసిందే. తొందర లేదు, భయం లేదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, పైకి వచ్చే బస్సుకు దారిచ్చి, మొండి గేరును బుజ్జగించినట్టు వేసుకుంటూ పోయింది. నేర్పుదామని వచ్చినవాడు నేర్చుకుంటూ కూర్చున్నాడు. హ్యాండ్‌బ్రేక్ మీదికి అతని చెయ్యి ఒక్కసారీ పోలేదు. అవసరమైన చోట "హారన్" అన్నాడు, అంతే. వెనక మంచం మీది నుంచి రూతమ్మ కూతురి కంటే ఎక్కువగా అతన్నే చూసింది.

"ఆ సింకు సంగతి" అంది డెబోరా రోడ్డు మీద చూపు తిప్పకుండా, అతనికి మాత్రమే వినపడేట్టు. "పైపు రెండుసార్లు లూజు చేసింది నేనే. లేకుంటే నువ్వు రావడం మానేస్తావని."

సుదర్శన్‌కు ఒక్కసారిగా మంచంతా తొలగినట్టయింది. నిజానికి తొలగలేదు.

హొన్నావర దాటి కాసర్‌కోడు తీరం చేరేసరికి వాన వెలిసింది. సముద్రం మట్టి రంగులో పొంగుతోంది. మేష్టారు కొత్త కన్నుతో దాన్ని చూసి చిన్నపిల్లాడిలా చేతులూపారు. రూతమ్మ ఇసుకలో దూరంగా నిలబడి, సుదర్శన్‌ను చెయ్యూపి పిలిచింది.

"నువ్వు మంచోనివే, కాదనను" అంది. "మీ అమ్మ నిమ్మకాయలు పెడ్తాది. నేను తీసేస్తా. నడిమధ్య నా బిడ్డ ఏం చేయాల, అది చెప్పు."

సుదర్శన్ అలను చూస్తూ ఆలోచించాడు.

"చిత్రాన్నం కలుపుకుంటామాంటీ."

"నవ్వించేదానికి చెప్పొద్దు."

"నవ్వించేదానికి కాదు. మీరు ఆ కాయలు రోడ్డు మీద పారేయలేదు, సంచిలో వేసుకుంటిరి. మా అమ్మ ఇచ్చిందాన్ని మీరు వండితిరి, నేను తింటి. ఎవురి దేవుడూ కోపం చేసుకోలా. డెబోరా ప్రార్థన మానాల్సిన పనిలేదు. మా అమ్మను నిమ్మకాయలు మానమని నేను అడగను. అంత మాత్రం నేను చూసుకుంటా."

రూతమ్మ గాలికి ఎగురుతున్న చెంగును భుజం మీదికి సర్దుకుంది. తర్వాత ఈ సంగతి మీ అమ్మకు చెప్పినావా అని అడిగింది. ఇప్పటికి దేవునికే చెప్పినా అన్నాడు సుదర్శన్. ఆమె పెదవుల చివర నవ్వు కదిలి, అంతలోనే మాయమైంది.

"ముందు మీ అమ్మకు చెప్పు. ఆమె నోటెంట సరే రానీ. దొంగతనంగా నా బిడ్డను ఇయ్యను."

ఆ సాయంత్రం ప్రార్థనలోనూ అతను బండి నడిపే పిల్లవాడే. కానీ తిరుగు ప్రయాణమంతా రూతమ్మ అతనికి రెండోసారి వడ్డించడం మరిచిపోలేదు.

యశోదమ్మకు చెప్పడం ఘాటు దిగడం కంటే కష్టమైంది. ఆమె పది రోజులు కొడుకుతో సరిగా మాట్లాడలేదు. ఒక రోజు ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి బ్రూస్‌పేట పోయింది. మోకాలి నొప్పి అని చెప్పి ఆసుపత్రిలో డెబోరాకు చూపించుకుంది, ఆ పిల్ల చేతుల్లో ఓపిక చూసింది, తర్వాత రూతమ్మ ఇంట్లో టీ తాగింది. ఇద్దరమ్మలూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చిన యశోదమ్మ కొడుకును ఒక్కటే అడిగింది, నిమ్మకాయలు వండేసిన సంగతి నాకు చెప్పలేదేంది అని.

దసరా సెలవుల్లో రెండు కుటుంబాలూ కలిసి చిక్కమగళూరు కొండలకు బయల్దేరాయి. అదే బ్రూస్‌పేట, అదే బండి. డెబోరా స్టీరింగ్ ముందు కూర్చుంది, పక్కన సుదర్శన్. యశోదమ్మ మోకాలు పట్టుకుంటూ వంగి నాలుగు టైర్ల కిందా నాలుగు కాయలు పెట్టి, కాస్త భయంగా రూతమ్మ వైపు చూసింది.

రూతమ్మ వెళ్ళి వెనక టైర్ల కింది రెండు కాయలు తీసి సంచిలో వేసుకుంది. ముందువి ముట్టుకోలేదు.

"ముందరివి మీవి వదినా. ఎనకవి చిత్రాన్నానికి" అంది.

వదినా అన్న మాటకు యశోదమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. అందరూ తలలు వంచారు. ప్రార్థన బ్రేకులు దాటింది, గాళెప్ప ఆరోగ్యం దాటింది, సుబ్బరామి దంపతుల దాకా వచ్చింది. సుదర్శన్ ఒక కన్ను తెరిచి చూశాడు.

"మా బిడ్డ డెబోరాను, మా బిడ్డ సుదర్శనును నీ చేతికి అప్పగించుచున్నాము తండ్రీ. ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. యశోదమ్మ కొంచెం ఆలస్యంగా, అందరికంటే గట్టిగా అంది. రూతమ్మ మాత్రం కళ్ళు తెరవకుండా ఇంకోసారి అంది.

"ఆమెన్."

"రెండుసార్లా అమ్మా?" అంది డెబోరా.

"అది ఆ పొద్దు ఘాటు మీద చెప్పలేదు గదే. ఇంగ పోనీ బండి."

సెకండ్ గేర్ సంగతి తర్వాత. ఫస్ట్ గేర్ మాత్రం చప్పుడు లేకుండా పడింది. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు చిట్లాయి, బండి కొండల వైపు తిరిగింది.