పై వైపు నిలబడి కొలవాలి

ఉదయం ఏడింటికి, లాడ్జి మూడో అంతస్తు గదిలో, చెట్లు కొలిచే సర్వేయరు తన టేపుకే బలైపోయి పడి ఉన్నాడు. ఎవరో వెనకనుంచి మెడకి బిగించి, మోకాలు నడుముకి తన్నిపెట్టి లాగారు. చర్మం మీద సెంటీమీటర్ల గీతలు అచ్చు దిగాయి.

ఏజెంట్ నిమ్మళం గడపలోనే ఆగిపోయాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో శవాలు కొత్తకాదు. కానీ ఈ శవం తన భార్య తమ్ముడు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ‘టేపు’. భోజనానికి కూర్చున్నా చెట్ల కబుర్లే. "బావా, వాలులో ఎప్పుడూ కొండ పై వైపు నిలబడి కొలవాలి. కింద నిలబడితే చెట్టు లావెక్కుతుంది, నిజం సన్నబడుతుంది" అని వంద సార్లు చెప్పుంటాడు. కొత్తగా ఎవర్ని పనిలో పెట్టుకున్నా మొదటిరోజు వాడి మొదటి పాఠం అదే.

నిమ్మళం కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. ‘నీ చెట్లనే కదా స్వామీ కొలిచాడు. నువ్వెటు చూస్తున్నావు?’

ఇంటికి ఫోన్ చేశాడు. భార్య గొంతు, రాయిలా: "ఏడవడానికి తర్వాత బోలెడు టైముందండీ. ముందు వాడు కొలిచిన అడవికేం కాకుండా చూడండి."

ఎనిమిదింటికి, డిపార్ట్‌మెంట్ రహస్య ఆఫీసుకి ముసుగైన డ్రైక్లీనింగ్ షాపు.

"కోటు మరక పోయిందా?" అన్నాడు నిమ్మళం.

"మరక పోయింది. కోటే మిగల్లేదు" అన్నాడు కౌంటర్ మనిషి, వెనక తలుపు తీస్తూ.

లోపల ఆవిరి వాసన, వేలాడే సూట్ల మధ్య చీఫ్. అందరికీ పెద్దాయన. పక్కన ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలతో సీతాకోక. శత్రు ముఠాలో మన మనిషి.

"మధ్యాహ్నం పన్నెండుకి టేపు కొలిచిన అడవి కొండ మీద సంతకాలు" అన్నాడు పెద్దాయన. "ఉక్కు మిల్లు యజమానురాలు ఆ అడవిని కాపాడ్డానికి ఏటా డబ్బిస్తానంటోంది. చూడ్డానికి నలభై కంపెనీల వాళ్లు వస్తున్నారు."

"ఆవిడ మిల్లు పొగకీ ఆ అడవికీ సంబంధం ఏంటి సార్?"

"ఏమీ లేదు. తన పొగ తను విడిగా తగ్గించుకుంటోంది. ఇది పైన ఇచ్చేది. మీ ఇంట్లో మంట ఆర్పుకున్నాక పక్కింటికి బిందె పట్టుకెళ్లవూ?"

"పట్టుకెళ్తా. రసీదు అడగను."

"ఆవిడా అడగట్లేదు. మన సీతాకోక దూరిన ఆ విదేశీ ముఠా కడుపుమంట అదే. ‘ఈ అడవి మీ పొగంతా పీల్చేస్తుంది’ అని, అసలు లేని అడవులకి సర్టిఫికెట్లు పుట్టించి అమ్ముతారు వాళ్లు. కొన్నవాడు పొగ మానడు, కానీ ‘మేం శుద్ధం’ అని బోర్డు పెట్టుకుంటాడు. ఇవాళ ఈవిడ దారి పట్టారంటే నలభైమందీ ఆ కాగితాలు చెత్తబుట్టలో వేస్తారు. అందుకే అడవిని, అందులో ఉన్న మనుషుల్ని కలిపి కాల్చేయాలని ప్లాన్. ఫైర్ బాంబులు పెట్టేశారు. టేపు వాటిని చూసినట్టున్నాడు."

సీతాకోక కళ్లద్దాలు తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి. "మూడు నెలలు అతని దగ్గరే పని నేర్చుకున్నాను. రాత్రి ఫోన్ చేశాడు. బాంబులు కొండ శిఖరం మీద ఉన్నాయన్నాడు."

"మనవాళ్లందర్నీ శిఖరానికి పంపుతున్నా" అన్నాడు పెద్దాయన. "సంతకాలు ఆపితే వాళ్లు గెలిచినట్టే."

బయటికొస్తుంటే గాడ్జెట్లు చేసే స్క్రూల తాత ఓ స్టీలు టేపు చేతిలో పెట్టాడు. "బటన్ నొక్కితే ముప్పై అడుగులు బాణంలా పోతుంది. రెండంచులూ కత్తే. నీ వేళ్లు జాగ్రత్త నాయనా."

పదకొండూ నలభై. కొండ నడుమ ఎండుటాకుల మీద నలభైమంది అతిథులు. శిఖరం నుంచి వైర్‌లెస్‌లో మనవాళ్లు: "ఇక్కడేం లేదు. ఓవర్."

టేపు శిష్యురాలిగా నిలబడ్డ సీతాకోకని చూసి మిల్లు యజమానురాలు నవ్వుతూ, "చెట్టు ఎలా కొలుస్తారమ్మా, చూపించు" అంది.

సీతాకోక ఒయ్యారంగా ఓ మాను దగ్గరికి వెళ్లింది. కొండ కింది వైపు నిలబడింది. చెయ్యి చాచి, ఛాతీ ఎత్తున టేపు చుట్టింది.

నిమ్మళం ఆమె నిలబడ్డ చోటుకేసి చూశాడు.

మూడు నెలలు కాదు, మూడు గంటలు టేపు దగ్గరున్నా ఎవరూ అక్కడ నిలబడరు. ఈమె వాడి దగ్గర పనే చెయ్యలేదు. అయితే ఫోనూ అబద్ధమే, శిఖరమూ అబద్ధమే. మంట ఎప్పుడూ పైకే ఎగబాకుతుంది. బాంబులు కొండ అడుగున ఉన్నాయి!

"సీతాకోకా, మా బావమరిది నీకేం నేర్పలేదా?"

ఆమె నవ్వు చెరిగింది. చేయి జడలోకి పోయింది. పిన్నులాంటి కత్తి నిమ్మళం భుజంలో పిడిదాకా దిగింది. "చచ్చేముందు కూడా పాఠమే చెప్పబోయాడు, పాపం" అంటూ కిందికి పరిగెత్తింది.

పక్కనే అతిథుల ఫొటోలు తీస్తున్న ఫొటోగ్రాఫర్, వాడూ ముఠావాడే, కెమెరా పారేసి పిస్టల్ తీశాడు. తూటా నిమ్మళం చెవి పక్కనుంచి దూసుకుపోయి సీతాకోక టేపు చుట్టిన మానులో దిగబడింది. నిమ్మళం వాడి మణికట్టు పట్టి మోకాలికేసి విరిచాడు. ఎముక కట్టెపుల్లలా పెటిల్లుమంది. వాడు రెండో చేత్తో గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ దొర్లారు. నిమ్మళం వాడి తల పట్టుకుని బండకేసి కొట్టాడు. రెండో దెబ్బ అవసరం లేకపోయింది.

కింద, మంట అందని రాళ్ల లోయ అంచున ఆగి సీతాకోక పౌడర్ డబ్బా తెరిచింది. అద్దం కింద ఎర్ర బటన్. పొరపాటున పేలకుండా, ఐదు సెకన్లు నొక్కిపట్టాలి. బొటనవేలు ఆనించి పైకి అరిచింది: "ఒకటి!"

నిమ్మళం లేచాడు. భుజంనుంచి రక్తం మోచేతిదాకా కారుతోంది.

"రెండు! మూడు!"

ముప్పై అడుగులు ఉంటుందా? కళ్లతోనే కొలిచాడు. పై వైపు నిలబడే.

"నాలుగు—"

నిమ్మళం చేతిలోని స్టీలు టేపు కొరడాలా విరుచుకుపడింది. ఆమె మణికట్టు తెగింది. డబ్బా ఆకుల్లో పడింది. ఆమె దానికోసం వంగి, తన రక్తంలో తనే జారి, అంచు దాటి రాళ్ల మీదికి వెళ్లిపోయింది. కేక మధ్యలోనే ఆగిపోయింది.

నిమ్మళం కూలబడ్డాడు. ‘స్వామీ, చెట్లకోసం మనుషుల్ని చంపాను. తప్పో ఒప్పో నువ్వే చెప్పాలి.’ గాలికి ఆకులు కదిలాయి. అది జవాబో కాదో అతనికి తెలియలేదు.

కొండ అడుగున పదకొండు బాంబులు దొరికాయి. అతిథుల్లో సగంమంది పారిపోయారు. మిల్లు యజమానురాలు మాత్రం పెన్ను పట్టుకుని అక్కడే నిలబడింది. "మాకు బోర్డులు వద్దు. అడవి నిలిస్తే చాలు" అంది. ఆమెని చూసి పారిపోయినవాళ్లు ఒక్కొక్కరే సిగ్గుగా వెనక్కొచ్చారు.

బావమరిది కొలతల పుస్తకంలో కొలవాల్సింది ఒక్క చెట్టే మిగిలింది, ఇందాక సీతాకోక టేపు చుట్టినదే. భుజానికి గుడ్డ కట్టుకుని నిమ్మళం ఆ మాను పై వైపుకి నడిచాడు. టేపు చుట్టబోయి ఆగి, వైర్‌లెస్ తీశాడు.

"సార్, చిన్న సందేహం. ఈ చెట్టులో తూటా ఉంది. కలిపి కొలవనా, వదిలేసి కొలవనా?"

అవతల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"తూటా వాళ్లదయ్యా. మన లెక్కలో కలిపి గొప్పలు పోకు."