మేయర్‌గారి రబ్బరు జోళ్లు

సోమవారం ఉదయం ప్రైవేటు డిటెక్టివ్ యుట్టె ఫాబర్ ఆఫీసులోకి వచ్చిన అమ్మాయి కోటు మీద గుడ్డు సొన ఎండి చారలు కట్టింది.

"మా ఇంటి తలుపు మీద విసురుతున్నారండీ. నేను బయటికి రాగానే నా మీద పడింది. నా పేరు సిగ్నె. ఈవర్ స్కౌ మా నాన్న," అంది.

స్కార్‌హావ్న్‌లో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. పదిహేను రోజుల కిందట, సముద్రస్నానాల ఉత్సవం రోజున, ఈతగాళ్లు నీళ్లలోకి దిగడానికి తీరంనుంచి సముద్రంలోకి కట్టిన చెక్కవంతెన కూలి పదకొండుమంది గడ్డకట్టించే నీళ్లలో పడ్డారు. నలుగురు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఆ వంతెన బాధ్యత నగర ఇంజనీరు ఈవర్ స్కౌది.

"స్తంభాలు పుచ్చిపోయాయి, వంతెన మూసెయ్యమని సెప్టెంబరు మూడున నాన్న మేయర్ చేతికే ఉత్తరం ఇచ్చాడు. పొద్దున్నే, ఆయన ఈతకి వచ్చినప్పుడు. అలాంటిదేదీ అందలేదని మేయర్ అంటున్నారు. నాన్న దగ్గరున్న నకలు వంతెన కూలాక రాసుకున్నదేనట! గురువారం నగరసభ విచారణ. ఉద్యోగం పోతుంది, ఆ తరవాత జైలు."

"మేయర్ అబద్ధమాడడమా!" అన్నాడు ఆంకర్. పన్నెండేళ్లుగా యుట్టెకు సహాయకుడతను. ఆమె తెలివంటే అతనికెంత గురో, మేయర్ ఫ్లెమ్మింగ్ లౌరిడ్‌సెన్ అంటే అంత ఇష్టం. రెండు ఎన్నికల్లో ఆయన పోస్టర్లు స్వయంగా అంటించాడు. "మేడమ్, బంగారంలాంటి మనిషి. రోజూ మాతోపాటే ఈదుతాడు. పెద్దవాళ్లకి ఇరుకవుతుందని ఈమధ్య వంతెన కూడా మాకే వదిలేసి, గులకరాళ్ల మీంచి నీళ్లలోకి దిగేవాడు."

యుట్టె కలం ఆగింది. "ఈమధ్య అంటే?"

"ఏమో... వేసవి వెళ్లాక."

నగరసభ భవనంలో మేయర్ ఎదురొచ్చి మరీ చెయ్యి కలిపాడు. "ఏమోయ్ ఆంకర్, మీ ఆవిడ మోకాలు ఎలా ఉంది?" ఆంకర్ ముఖం వెలిగిపోయింది.

"ఉత్తరం గురించి..." అంది యుట్టె.

"అంది ఉంటే ఆ రోజే మూయించేవాణ్ణి కదండీ. ఈవర్ మంచివాడే. భయంలో ఏదో అంటున్నాడు."

"మీరు వంతెన ఎక్కడం మానేశారట?"

"డాక్టరు వద్దన్నాడు. చివర చలిగాలి ఎక్కువ," అని నవ్వాడు.

బయటికి రాగానే ఆంకర్ గొంతు తగ్గించాడు. "మాతో పెద్దవాళ్ల కోసమన్నాడే!"

మేయర్ సెక్రటరీ బెంటె బయటి గదిలో కూర్చుని ఉంది. "ఆ రాళ్ల మీద ఆయన కాళ్లు కోసుకుపోవూ?" అని యుట్టె మాటల్లో మాటగా అడిగింది.

"రబ్బరు జోళ్లున్నాయిగా. నేనే కొనుక్కొచ్చా. తీరంనుంచే ఫోన్ చేసి, ఇవాళే కావాలని ఒకటే తొందర." బెంటె డైరీ తిరగేసింది. "ఇదిగో, సెప్టెంబరు మూడు."

చెప్పాక కూడా తను ఏం చెప్పిందో ఆమెకు తట్టలేదు.

యుట్టె అక్కణ్ణించి తిన్నగా తీరంలోని స్నానశాలకు వెళ్లింది. అక్కడి గోడనిండా ఈతగాళ్ల ఫొటోలున్నాయి. ప్రతిదాని కిందా తేదీ రాసి ఉంది. ఆమె ఒక్కొక్కటే పరికించి, తొమ్మిది ఫొటోలు ఎంచి సంచిలో వేసుకుంది. ఆంకర్ కూడా చూశాడు.

గురువారం, విచారణకు గంట ముందు, యుట్టె అందరినీ స్నానశాలకు పిలిపించింది. ఇన్‌స్పెక్టర్ క్రాగ్, మేయర్, బెంటె, తలవంచుకున్న ఈవర్, సిగ్నె వచ్చారు. వాళ్ల వెనక ఈతగాళ్లు నిలబడ్డారు.

"ఉత్తరం దొరకలేదు," అంది యుట్టె. మేయర్ భుజాలు తేలికపడ్డాయి. "కానీ అది చదివిన మనిషి దొరికాడు."

ఆమె ఫొటోలు వరసగా బల్లమీద పరిచింది. "ఈ నాలుగూ ఆగస్టువి. నాలుగింటిలోనూ మేయర్ వంతెన మీదే ఉన్నారు. ఈ అయిదూ సెప్టెంబరు మూడు తరవాతివి. ఒక్కదాంట్లోనూ వంతెన మీద లేరు. జోళ్లు తెప్పించుకున్నది సరిగ్గా మూడునే. కారణమేమిటంటే ఈతగాళ్లకొకటి చెప్పారు, నాకొకటి చెప్పారు. స్తంభాలు పుచ్చాయని ఆయనకు తెలుసు. అందుకే తన కాలు మాత్రం దానిమీద పెట్టలేదు."

"ఇదేం సాక్ష్యమండీ? జోళ్లు కొనుక్కోవడం నేరమా?" మేయర్ నవ్వాడు.

యుట్టె చివరి ఫొటోను బెంటె ముందుకు జరిపింది. వంతెన మీద ఒక ముసలావిడ చెయ్యి ఊపుతోంది. కింద రాళ్లమీద రబ్బరు జోళ్లతో మేయర్ తిరిగి చెయ్యి ఊపుతున్నాడు.

"మా అమ్మ," అంది బెంటె. వంతెన కూలినప్పుడు ఆవిడ తుంటి విరిగింది, ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. బెంటె ఫొటో చేతిలోకి తీసుకుంది. తరవాత మేయర్‌వైపు తిరిగింది. "ఆ రోజు మీరు తడిసిన కవరు హీటరు మీద ఆరబెట్టారు. దానిమీద ఇంజనీరు ఆఫీసు ముద్ర ఉంది. అడిగితే పాతదని చింపేశారు. పోలీసులు అడిగితే గుర్తులేదన్నాను, మీకోసం. మా అమ్మకి రోజూ చెయ్యి ఊపుతూనే పైకి వెళ్లనిచ్చారా?"

"ఉత్సవం కాగానే మూయిద్దామనుకున్నా బెంటె! నవంబరులో ఎన్నికలు... ఉత్సవం కోసం ఊరంతా ఎదురుచూసింది..."

"మేం మీకోసం ఎండలో వానలో తిరిగాం," అన్నాడు ఆంకర్. "ఒక్కసారి 'దిగండర్రా' అంటే దిగేవాళ్లం. మీరు చెబితే సముద్రమే మానేసేవాళ్లం."

ఇన్‌స్పెక్టర్ క్రాగ్ బెంటె వాంగ్మూలం రాసుకుని, "విచారణ ఉంది, కానీ మీమీద కాదు," అని ఈవర్ చెయ్యి పట్టుకుని లేపాడు. వెనకెవరో చప్పట్లు మొదలుపెట్టారు. చూస్తుండగానే స్నానశాల అదిరిపోయింది. సిగ్నె తండ్రి మెడ పట్టుకుని ఏడ్చింది. సాయంత్రానికి మేయర్ లౌరిడ్‌సెన్ రాజీనామా చేశాడు.

మర్నాడు ఈవర్ ఇంటిముందు జనం గుమిగూడారు. కొందరు తలుపు కడుగుతున్నారు. కొందరు కేకులు పట్టుకుని, ఏమనాలో తెలియక నిలబడ్డారు. ఆంకర్ ముందుకొచ్చి, "మిమ్మల్ని తప్పుగా అనుకున్నానండీ," అన్నాడు.

ఈవర్ అతని చెయ్యి నొక్కాడు. కోటు తొడుక్కుని, సుత్తి సంచి భుజాన వేసుకున్నాడు.

"కేకులు లోపల పెట్టండి, వచ్చి తింటా. ఉత్తరం వైపు రేవులో ఇంకో వంతెన ఉంది, ఇవాళే చూడాలి."

జనం రెండువైపులా తప్పుకుని దారి ఇచ్చారు. తరవాత ఒక్కొక్కరే ఆయన వెనక నడిచారు.