కింది నుంచి పిలిచిన హాజరు

లుబ్లిన్‌లో సరుకులన్నీ కరువైన ఆ రోజుల్లో మనుషులు క్యూలో పుట్టి, క్యూలో పెరిగి, క్యూలోనే పెళ్ళిచూపులు కానిచ్చేసేవాళ్ళు. నమ్మకపోతే మీ ఇష్టం. హిరోనిమ్ అని ఒక ముసలాయన ఉండేవాడు. ఒకసారి పొడుగాటి వరస కనబడేసరికి, దేనికని కూడా అడగకుండా వెనకాల నిలబడిపోయాడు. గంటన్నర జరిగి జరిగి ముందుకొచ్చి చూస్తే అది ఎవరిదో అంత్యక్రియలు. సరే, వచ్చిన పుణ్యానికి గుప్పెడు మట్టి వేసి, పోయినాయన భార్యను పరామర్శించి, "మనిషికి ఎంతిస్తున్నారమ్మా?" అని అడిగొచ్చాడట.

అలాంటి ఊళ్ళో ఉండి కూడా సెవెరిన్‌కి క్యూ అచ్చిరాలేదు.

సెవెరిన్ రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. ఇరవై ఆరేళ్ళు. ఎన్నిసార్లు కడుక్కున్నా కనుబొమల్లో కాస్త పిండి మిగిలే ఉండేది. అతనికి లోకంలో ఉన్న పిచ్చల్లా ఒక్కటే, అపోలోనియా జారెంబా పాట. ఆవిడ రేడియోలో గొంతెత్తితే ఇతను పొయ్యిలో రొట్టెల సంగతి మరిచిపోయేవాడు. ఊళ్ళో జనం మాడు రొట్టె తిన్న రోజున, "నిన్న రేడియోలో ఆవిడ పాడింది కాబోలు" అనుకునేవాళ్ళు.

ఆవిడ ఆ ఊరికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి, ఇతనికి ముందు ఇద్దరుండగా కౌంటరు మూసేశారు. రెండోసారి టిక్కెట్టు దొరికింది కానీ ఆవిడకు గొంతు పట్టేసింది. మూడోసారి కంగారులో తప్పు క్యూలో నిలబడి, రెండూ ఎడమకాలివే అయిన బూట్లు కొనుక్కుని ఇంటికొచ్చాడు.

ఇది నాలుగోసారి. కచేరి ఆదివారం సాయంత్రం. ఆవిడకు డెబ్బై దాటాయి. ఇకమీదట ఊళ్ళు తిరగలేనని పేపర్లో చెప్పేసింది. అంటే ఇప్పుడు వింటే విన్నట్టు, లేకపోతే జన్మలో లేనట్టు.

టిక్కెట్లు శనివారం పదింటికి ఇస్తారు. సెవెరిన్ గురువారం పొద్దున్నే, ఎనిమిదింటికి, రాత్రంతా పిండి పిసికిన చేతులతో సంగీత భవనం దగ్గరికి పరిగెత్తాడు. కౌంటరు ముందు చినుకులు తప్ప ఎవరూ లేరు!

"అమ్మయ్య, బతుకులో ఒక్కసారి మనమే మొదలు" అనుకున్నాడు.

మొదలు వచ్చినవాడు చెయ్యాల్సిన పని ఒకటుంది. మూడు రోజులు వానలో ఎవరూ నిలబడలేరు కదా. కాగితం మీద వరసగా పేర్లు రాసుకుని ఇళ్ళకు పోతారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వచ్చి హాజరు పలుకుతారు. పలకనివాడి పేరు కొట్టేస్తారు. సెవెరిన్ చేతిలో ఉన్న రొట్టెల సంచీ చింపి, ఒకటో నంబరు వేసి, తన పేరు రాసుకున్నాడు. మధ్యాహ్నానికి యాభై ఎనిమిది పేర్లయ్యాయి. ఆసుపత్రి నర్సులు, కుర్ర దంపతులు, పెద్ద గడ్డం ఉన్న తపాలా ఉద్యోగి ఒకాయన.

ఖాళీ కౌంటరు చూసి క్యూ లేదనుకోవడం ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలు కూడా చెయ్యని పొరపాటు. క్యూ ఉంది. హాజరు పలికి, ఇంటికి పోయి, ఫలహారం చేస్తోంది.

సరిగ్గా పన్నెండింటికి మూల మలుపులోంచి తొంభై మంది వచ్చారు. ముందు ఎర్ర గొడుగు, గొడుగు కింద ఒకమ్మాయి. చంకలో నోటుబుక్కు, జడలో పెన్సిలు. వెనకాల హిరోనిమ్ తాత.

"ఏవండీ, ఏమిటిది?" అంది ఆ అమ్మాయి సంచీ కాగితం వైపు చూసి.

"జాబితా అండీ. మీరు యాభై తొమ్మిది. పేరు చెప్పండి, రాస్తాను."

"నా పేరు బోగ్నా. నేను ఒకటి. జాబితా బుధవారం సాయంత్రం నుంచి నా దగ్గరుంది."

"మరి పొద్దున నాకు కనబళ్ళేదే?"

"ఏడింటికి హాజరైంది. మీరు ఎనిమిదింటికొచ్చి, ఎవరూ లేరు కదా అని రాజ్యం స్థాపించేశారు! అదీ దేనిమీద? నూనె మరకల సంచీ మీద."

"నూనె కాదండీ, వెన్న. తక్కువ సంచీ కాదది."

రెండు గుంపుల్లోనూ నవ్వులు. బోగ్నా మాత్రం నవ్వలేదు. "చూడండీ, నేను పశువుల డాక్టరు చదువుతున్నాను. టన్ను బరువున్న ఎద్దుకి సూది పొడుస్తాను. అది కూడా ఇంత మొండిగా నిలబడదు."

"ఎద్దుకీ నాకూ తేడా ఉందన్నమాట. సంతోషం."

"ఇంకా కనిపెట్టలేదు. చూస్తున్నాను."

చూసింది కూడా. పిండి కనుబొమల దగ్గర ఆ చూపు ఒక్క క్షణం ఆగి, గబుక్కున నోటుబుక్కులోకి దిగిపోయింది. వాన కాస్త పెరిగింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కౌంటరులో ఇచ్చేవి నూట ఎనభై టిక్కెట్లు. మనిషికి రెండు చొప్పున బోగ్నా తొంభై మందికే చెల్లు. అంటే సెవెరిన్ సంచీ మీద పేర్లున్న యాభై ఎనిమిది మందికి వట్టి వానే గతి. నర్సులు నడుములు బిగించారు. గడ్డపాయన కోటు విప్పబోయాడు.

"ఆగండి" అన్నాడు హిరోనిమ్ తాత. "మనిషికి ఒక్క టిక్కెట్టు పెడితే అందరికీ సరిపోతుంది."

"ఒక్కటా! మరి నా పెళ్ళాన్ని బయట కట్టేసి రానా?" అని అరిచాడు ఒకాయన.

"ఆవిణ్ణి కూడా అడిగి చూడు నాయనా. నువ్వు బయట ఉంటే ఆవిడ పాట ఇంకా బాగా వింటుందేమో."

ఆ నవ్వుల్లో సగం కోపం కొట్టుకుపోయింది. బోగ్నా పెన్సిలు తీసి సెవెరిన్ వైపు తిప్పింది. "నావాళ్ళను నేను ఒప్పిస్తాను. కానీ తప్పుడు జాబితా మొదలుపెట్టింది మీరు. మీవాళ్ళందరూ నావాళ్ళ తర్వాత. మీరు అందరికీ తర్వాత. నూట నలభై ఎనిమిది. సరేనా?"

సెవెరిన్ చేతిలోని సంచీ కాగితం వైపు చూసుకున్నాడు. ఒకటో నంబరు చేతిదాకా వచ్చి జారిపోతోంది. వెనక్కి తిరిగి నర్సుల మొహాలు చూశాడు.

"రాసుకోండి" అన్నాడు.

బోగ్నా రాసింది. రాసేటప్పుడు ఎందుకో అతని పేరు మిగతా పేర్లకంటే గుండ్రంగా వచ్చింది.

ఆ రెండు రోజులూ హాజరు పిలిచేటప్పుడు నోటుబుక్కు తడవకుండా గొడుగు పట్టే పని సెవెరిన్‌ది. ఆ గొడుగు కింద నోటుబుక్కు, బోగ్నా, అతని ఎడమ భుజం మాత్రం పట్టేవి. కుడి భుజం లుబ్లిన్ వానకు వదిలేశాడు. పొద్దున పూట వేడి బన్నులు తెచ్చేవాడు.

"ఇది లంచం" అనేది బోగ్నా తింటూనే.

"చివరివాడికి లంచంతో పనేముందండీ? నా వెనక ఎవరున్నారు గనక?"

చట్టం చట్టమే ఆ అమ్మాయికి. శుక్రవారం మధ్యాహ్నం సంగీతం మాస్టారు ఒకాయన అరగంట ఆలస్యంగా, చెంప వాచి వచ్చాడు. పన్ను పీకించుకున్నాడట.

"పన్నే కదండీ పీకింది, కాళ్ళున్నాయిగా?" అని పేరు కొట్టేసి, ఆ రోజు చిట్టచివర తిరిగి రాసుకుంది. చివర అంటే సెవెరిన్‌కి ముందు. అతనికంటే వెనక చోటు ఇంకెవరికీ లేదు మరి.

శుక్రవారం సాయంత్రం వెళ్తూ వెళ్తూ నోటుబుక్కు సెవెరిన్ చేతిలో పెట్టింది. "తెల్లవారుజామున మా ప్రొఫెసరు పల్లెకు తీసుకెళ్తున్నారు. ఆవు ఈనబోతోంది, దూడ అడ్డం తిరిగిందట. తొమ్మిదింటి హాజరుకల్లా వచ్చేస్తాను. మీ చేతికి వెన్న లేదు కదా?"

"లేదు."

"ఆవిడ పాట వినకపోతే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. పాలు పితికినంతసేపూ ఆ పాటలే పాడేది. ఆవులకు కూడా వచ్చు" అని నవ్వింది. అదే మొదటిసారి అతని వైపు చూసి నవ్వడం. ఆ నవ్వు పట్టుకుని సెవెరిన్ ఆ పూట రెండు వందల రొట్టెలు మాడ్చాడు. అతిశయోక్తి అంటే నూట తొంభై అనుకోండి.

శనివారం తొమ్మిదైంది. నూట నలభై ఏడు మంది ఉన్నారు. ఒకటో నంబరు లేదు.

"పిలవవయ్యా!" అన్నాడు గడ్డపాయన.

సెవెరిన్ కళ్ళద్దాలు తుడిచాడు. నోటుబుక్కు తెరిచాడు. మొదటి పేజీ మొదటి గీతలో బోగ్నా పేరు. టక్కున నోటుబుక్కు తిప్పి చివరి పేజీ తీశాడు.

"ఈ పూట కింది నుంచి పిలుస్తున్నాను! నూట నలభై ఎనిమిది, సెవెరిన్!" చుట్టూ చూసి, తనే చెయ్యెత్తి, "ఉన్నానండీ!" అన్నాడు.

"ఇదెక్కడి వింత!"

"పైవాళ్ళే ఎప్పుడూ ముందా? కిందివాళ్ళకీ ఒకరోజు రావాలి కదండీ" అనేసరికి కిందివాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

అలా మొదలైన హాజరు నత్త మీదెక్కి నడిచింది. పెన్సిలు విరిగింది. చెక్కుకున్నాడు. మళ్ళీ విరిగింది. ఒకావిణ్ణి ఇంటిపేరు మూడుసార్లు చెప్పించాడు. మాస్టారికి పంటి నొప్పి తగ్గిందా, ఏ వైపు పన్ను, ముందు ఏ మందు వాడారు అని అడిగాడు. మనిషి ఇక్కడ, చెవులు మాత్రం బస్సు వచ్చే దారిలో. రెండో నంబరు హిరోనిమ్ తాత దగ్గరికొచ్చేసరికి పది కావడానికి పది నిమిషాలుంది.

"ఉన్నాను" అన్నాడు తాత, మెల్లగా. "ఇక లాగకు బాబూ. తెగుతుంది."

"ఒకటి, బోగ్నా" అన్నాడు సెవెరిన్. జవాబు లేదు. "బోగ్నా!" లేదు. మూడోసారీ పిలిచాడు. పెన్సిలు కాగితం మీద పెట్టాడు కానీ గీత పడలేదు.

అప్పుడొచ్చింది. మోకాళ్ళదాకా బురద బూట్లు, జుట్టు నిండా ఎండుగడ్డి, మొహం నిండా వెలుగు. "ఆడదూడ!" అంది ఆయాసంతో. తర్వాత అందరి మొహాలూ చూసింది. "అయిపోయిందా?"

"లేదు లేదు, ఇప్పుడే పిలిచాను" అన్నాడు సెవెరిన్. ఎవరూ కాదనలేదు. మాస్టారు మాత్రం చెంప పట్టుకుని అన్నాడు, "నా పన్నుకి లేని దయ దూడకుందా?"

బోగ్నా సెవెరిన్ చేతిలోంచి పెన్సిలు లాక్కుంది. తన పేరు మీద తనే అడ్డంగా గీత కొట్టింది. అందరికీ కింద, సెవెరిన్ పేరు కింద, తిరిగి రాసుకుంది.

"మాస్టారూ, ఇప్పుడు సరేనా?"

మాస్టారు చెంప మీంచి చెయ్యి తీసి తల ఊపాడు. సెవెరిన్ మాత్రం ఆ గీత వైపు చూస్తూ ఉండిపోయాడు. రెండు రోజులుగా ఆ అమ్మాయి అంటే ఇష్టం అనుకుంటున్నాడు. ఇష్టం కాదు, మునిగిపోయానని అప్పుడు తెలిసింది.

కౌంటరు తెరిచారు. లోపలావిడ తలుపు తీస్తూనే చెప్పింది, "ముప్ఫై మూడు టిక్కెట్లు పైఅధికారులు పట్టుకెళ్ళారు. నూట నలభై ఏడే ఉన్నాయి."

లెక్క మీకూ తెలిసిపోయింది కదా. నూట నలభై ఏడోది సెవెరిన్ చేతికొచ్చింది. అతని వెనకాల కౌంటరు మూసుకుంది.

నాలుగో ప్రయత్నానికి దొరికిన టిక్కెట్టు అది. రెండు చేతులతో పట్టుకుని బోగ్నా ముందు పెట్టాడు. "తీసుకోండి."

"నా జాబితాలో దానధర్మాలు లేవండీ."

"ఇది దానం కాదు. నాకు వినాలని లేదు."

"మీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, ఎంత లేదో!"

అలా చేతులు మారి మారి ఆ టిక్కెట్టు నలిగింది. చివరికి బోగ్నాయే అంది, "సగం మీరు, సగం నేను. విరామంలో గుమ్మం దగ్గర మార్చుకుందాం. విన్నది ఒకరికొకరం చెప్పుకుందాం."

ఆదివారం మొదటి సగం సెవెరిన్ విన్నాడు. విన్నాడా అంటే, చిట్టచివరి వరసలో కూర్చుని, ప్రతి పాటకూ ఇది బయట ఉన్న అమ్మాయికి ఎలా చెప్పాలా అని తంటాలు పడ్డాడు. విరామంలో గుమ్మం దగ్గర టిక్కెట్టు మార్చారు. ఇద్దరి వేళ్ళూ తగిలాయి. "ఎలా ఉంది?" అందామె. "చెప్పడానికి చాలా టైం పడుతుంది" అన్నాడతను. గంట మోగింది, ఆమె లోపలికెళ్ళింది.

రెండో సగమంతా సెవెరిన్ కోట్లు భద్రపరిచే గది ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. తలుపుల వెనక పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తోంది. ఆఖరి పాట అయింది. చప్పట్లు హోరెత్తాయి.

ఇక్కడే లుబ్లిన్ జనం గుణం బయటపడింది. ఆవిడ ఇంకా దణ్ణం పెడుతూనే ఉంది, చప్పట్లకు మురిసి ఇంకో రెండు పాటలు పాడుతుందని అందరికీ తెలుసు. అయినా తలుపు భళ్ళున తెరుచుకుని, వెనక వరసలు వెనక వరసలే కోట్ల క్యూ కోసం పరుగందుకున్నాయి. అందరికంటే ముందు హిరోనిమ్ తాత.

"తాతా, ఇంకా పాడుతుంది కదా!"

"పాట మళ్ళీ రేడియోలో వస్తుంది. కోటు రేడియోలో వస్తుందా? నిలబడ్డావేం మొద్దూ, కుర్చీలన్నీ ఖాళీ!"

తలుపు దగ్గర టిక్కెట్లు చూసేవాళ్ళు బయటికొచ్చేవాళ్ళను అదుపు చెయ్యడంలో మునిగి ఉన్నారు. లోపలికి వెళ్ళేవాణ్ణి ఆ భవనం పుట్టాక ఎవరూ చూసి ఉండరు. సెవెరిన్ చీకట్లో తడుముకుంటూ వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. ఆ వరస మొత్తానికి మిగిలింది ఒక్కరే. తల తిప్పి చూసింది.

"జాబితాలో లేరు మీరు" అంది గుసగుసగా.

"కొట్టెయ్యండి మరి."

కొట్టలేదు. అపోలోనియా జారెంబా ముసలి చెయ్యి పియానో మీద ఆనించి మళ్ళీ గొంతెత్తింది. ఈసారి ఎవరూ ఎవరికీ చెప్పే అవసరం లేని పాట. రెండోది మొదలయ్యేసరికి సెవెరిన్ చెయ్యి మీద ఇంకో చెయ్యి ఉంది. టన్ను ఎద్దుకి సూది పొడిచే చెయ్యి.

పాటలయ్యాక బయటికొచ్చి చూస్తే కోట్ల క్యూ మెట్ల కిందిదాకా ఉంది. ఇద్దరూ చివర నిలబడ్డారు.

"నాకు ఒకటి చెప్పాలి" అన్నాడు సెవెరిన్.

"మొదటి సగమా?"

"దానికంటే ముందుది. గురువారం ఆ ఎర్ర గొడుగు మలుపు తిరిగినప్పటి నుంచి..."

అతని మాట పూర్తికాకముందే వెనకనుంచి ఇద్దరు నర్సులు వచ్చి నిలబడ్డారు. బోగ్నా పక్కకు జరిగి, "మీరు ముందు వెళ్ళండమ్మా" అంది.

నర్సులు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ ఊళ్ళో అలాంటి మాట ఎవరూ విని ఉండరు, అందులోనూ ఆ అమ్మాయి నోట. తర్వాత గడ్డపాయన వచ్చాడు. అతన్నీ ముందుకు పంపింది. మాస్టారు వస్తే ఆయన్నీ పంపింది.

"ఊఁ," అంది సెవెరిన్ వైపు తిరిగి, "గురువారం నుంచి మొదలుపెట్టు. నెమ్మదిగా చెప్పు. నాకేం తొందర లేదు."